ఒక పనికి ఒక అక్షరం

జగ్గయ్యపేటలో ఇళ్ళకు ప్లాన్లు గీసే ఉమాకాంతం గారికి ఉన్నది ఒకే ఒక్క పట్టుదల. ఒక పనికి ఒక అక్షరమే ఉండాలి, రెండోది ఉండటానికి వీల్లేదు. ప్లాన్లు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో లోకమంతా ఒకటో రెండో మూడో, ఎన్ని కుదిరితే అన్ని అక్షరాల షార్ట్‌కట్లు కొట్టి గోడలు లేపుతుంటే, ఆయన ఆఫీసులో మాత్రం గీతకు జి, సున్నాకు ఎస్, తలుపుకు టి. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన షార్ట్‌కట్లన్నిటినీ స్వహస్తాలతో పీకేసి, వాటి స్థానంలో సొంతవి నాటుకున్నారు. ఇంగ్లీషులో ఉన్నవి ఇరవయ్యారు అక్షరాలు గనక, ఇల్లు కట్టడానికి అంతకు మించి కమాండ్లు అక్కర్లేదని ఆయన తీర్మానం.

ఈ పట్టుదల కంప్యూటర్ దగ్గరే ఆగి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేకపోయేది. ఆఫీసు బయట బోర్డు మీద కూడా ఒకే అక్షరం, ‘ఉ’ అని. పెయింటరు పని సగంలో వదిలేసి పారిపోయాడనుకుని, జాలిపడి, తమకు తెలిసిన పెయింటరు నంబరు ఇచ్చిపోయిన వాళ్ళున్నారు. ఫోన్లో పేర్లన్నీ అంతే. భార్య ప్రసూనాంబ గారు ‘పి’. ప్లంబరు కూడా ‘పి’. ఒకసారి పి అనే పేరు నొక్కి, "సాయంత్రం నలుగురొస్తున్నారు, పులిహోర చెయ్యి" అని చెప్పి పెట్టేశారు. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పులిహోర లేదు. ప్లంబరు మాత్రం సంచీతో సహా గుమ్మంలో నిలబడి, "ఏ పైపు అన్నారో సరిగ్గా వినపడలేదండి" అన్నాడు.

ప్రసూనాంబ గారు ఈ విషయం వచ్చినవాళ్ళందరికీ చెప్పి చివర్న ఒక మాట కలిపేవారు. "షార్ట్‌కట్ పెట్టడానికి ఈయనకి పట్టే టైములో పని అయిపోతుందమ్మా. పెట్టింది ఏ అక్షరమో గుర్తుచేసుకునే టైములో ఆ పని అవసరమే తీరిపోతుంది."

ఇలాంటి ఆఫీసులో ఉద్యోగానికి నందిగామ నుంచి బస్సెక్కి వచ్చింది నాగశ్రీ. పాలిటెక్నిక్‌లో సివిల్ చదివింది. హైదరాబాదులో కొన్నాళ్ళు పనిచేసి, హాస్టల్ తిండి పడక వెనక్కొచ్చింది. ఆమె తండ్రి వెంకట్ చందర్లపాడు వైపు మిరప వేస్తాడు. "ఇంట్లోంచి పొయ్యొచ్చే పని దొరికితే సరేనమ్మా. లేకపోతే మళ్ళీ హైదరాబాదు పోక తప్పదు" అన్నాడు. ఆమెకు పోవడం ఇష్టం లేదు. క్యాడ్ ముందు కూర్చుంటే ఆమె వేళ్ళ కింద వడగళ్ళ వాన పడ్డట్టుంటుందని కాలేజీలో పేరు. ఆ ధీమాతోనే ఉమాకాంతం గారు చూపించిన కుర్చీలో కూర్చుంది.

"ఒక గది గీసి, దాని పక్కన అలాంటిదే ఇంకోటి పెట్టి చూపించమ్మా" అన్నారాయన.

నాగశ్రీ చెయ్యి తెలిసిన దారిలో పరుగెత్తింది. అలాంటి కమాండ్ లేదంది కంప్యూటర్. మళ్ళీ కొట్టింది. మళ్ళీ లేదంది.

"సార్, ఈ మిషన్ పాడైనట్టుందండి."

"మిషన్‌కేం, భేషుగ్గా ఉంది. నువ్వే రెండక్షరాలు కొట్టావు."

"కాపీకి రెండే కదండి. సి, ఓ."

"కాపీ అంటే ఏంటి? రెండోది. రెండోదానికి ఆర్. కొట్టు."

కొట్టింది. గది పక్కన గది వచ్చింది.

"మరి తిరగేసి గీయాలంటేనండి?"

"అద్దంలో చూసినట్టేగా. ఏ."

"అడ్డమొచ్చిన గీత కత్తిరించాలంటే?"

"నరుకు. ఎన్."

"తుడపాలంటే?"

"జెడ్. తుడిపేది ఎప్పుడూ ఓ మూలన ఉండాలి. కట్టిన గోడ పొరపాటున చెయ్యి తగిలి పోకూడదు కదమ్మా."

నాగశ్రీకి ఒళ్ళు మండింది. ఆ మంటలో జి అక్షరాన్ని టకటకా నాలుగుసార్లు బాదింది. కంప్యూటర్ ఏమాత్రం నొచ్చుకోకుండా గీత గీయడానికి సిద్ధమై కూర్చుంది.

"ఇదేంటండి, ఎన్నిసార్లు కొట్టినా ఒకటేనా?"

"ఒకసారి కొట్టినా గీతే, నాలుగుసార్లు కొట్టినా గీతే. కోపంలో ఉన్నవాడు నాలుగుసార్లు కొడతాడు. కోపంగా ఉన్నాడని వాడికి గీత ఇవ్వకపోతే ఎలా?"

ఎదుటి బల్ల దగ్గర్నుంచి ఎవరో చప్పుడు చేస్తూ నవ్వారు. చిల్లకల్లు నుంచి రోజూ ఆటోలో వచ్చే స్టీవెన్ గారు. చెక్కబోర్డు మీద కాగితం పరిచి పెన్సిల్‌తో ప్లాన్లు గీసిన కాలం నుంచి ఆయనా ఉమాకాంతం గారూ ఒకే గదిలో పనిచేస్తున్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది, గొంతు మాత్రం నెరవలేదు.

"అలవాటైపోద్దిలే అమ్మాయ్" అన్నారాయన, యజమాని వింటున్నాడన్న బెదురేమీ లేకుండా. "పిచ్చి ముదిరినోళ్ళతో వాదించకూడదు. నేను భరించట్లా? నా ఓపికని చూసి మా పాస్టర్ గారే ఆశ్చర్యపోతారు."

ఉమాకాంతం గారు ఆ మాట తనక్కాదన్నట్టు టేపు చుట్టుకుంటూ కూర్చున్నారు.

ఉద్యోగం దొరికింది, అలవాటు మాత్రం కాలేదు. నాగశ్రీ వేళ్ళు పాత దారిలో పరుగెత్తేవి, కంప్యూటర్ లేదనేది, వేళ్ళు వెనక్కొచ్చి కొత్త దారి వెతుక్కునేవి. దానికి తోడు కొత్త కమాండ్ ఏదైనా కావాలంటే పంచాయితీ పెట్టాలి. ఒకరోజు గోడ మూలలు గుండ్రంగా తిప్పే కమాండ్‌కి అక్షరం అడిగింది. ఉమాకాంతం గారు పని ఆపేసి, కళ్ళద్దాలు తుడుచుకుని, మధ్యాహ్నం భోజనాల దాకా ఆలోచించారు.

"మూల అంటే ఎం. ఎం మెట్లకి ఇచ్చేశాం. గుండ్రం అంటే జి. అది గీతది. వంపు అందామా?"

"వి కూడా అయిపోయిందండి. వరసగా పెట్టే కమాండ్‌కి ఇచ్చారు."

"అయితే డబ్ల్యూ తీసుకో."

"డబ్ల్యూకీ వంపుకీ సంబంధం ఏంటండి?"

"పేరే డబుల్ యూ. యూ అక్షరం కింద వంపే కదా. అవి రెండున్నాయి. నీకు వంపు కాస్త ఎక్కువే దొరికింది, ఉంచుకో."

"రాసి పెట్టుకో అమ్మాయ్" అన్నారు స్టీవెన్ గారు తన స్క్రీన్ మీంచి తల తిప్పకుండా. "రేపు ఈయన ఆరోగ్యం గురించి డాక్టరు అడిగితే చెప్పటానికి పనికొస్తది."

ఒకరోజు నాగశ్రీ తెగించి అడిగేసింది.

"నా మిషన్ ఒక్కదాంట్లో మామూలు షార్ట్‌కట్లు పెట్టుకుంటానండి. మిగతావి మీ ఇష్టం."

"కుదరదమ్మా."

"ఎందుకు కుదరదండి?"

"ఒక ఇంట్లో రెండు పొయ్యిలు ఉండకూడదు."

"ఇది పొయ్యి కాదు కదండి, కీబోర్డు."

"ఒకళ్ళ కుర్చీలో ఒకళ్ళు కూర్చుని పనిచేసే ఆఫీసు ఇది. అందరికీ ఒకటే. ఇంకేదైనా అడుగు, ఇస్తా. అక్షరం మాత్రం అడక్కు."

మామూలుగా మెత్తగా మాట్లాడే మనిషి ఆ మాట మాత్రం బీరువా తలుపు మూసినట్టు అన్నారు. ఆమెకు ముందు అదే కుర్చీలో కూర్చున్న రవితేజ అనే కుర్రాడు కూడా ఇలాగే అడిగి, ఇలాగే జవాబు విని, విజయవాడ వెళ్ళిపోయాడట. నాగశ్రీ వెళ్ళిపోయే రకం కాదు. తామర పురుగు కొట్టి తోట మొత్తం ముడుచుకుపోయిన మరుసటి ఏడే మళ్ళీ మిరపనారు పోసిన తండ్రికి కూతురు. ఈయన మొండితనం ఎంతవరకు వెళ్తుందో చూద్దామనుకుంది.

చూసే రోజు తొందరగానే వచ్చింది. చిల్లకల్లు దగ్గర హైవే పక్కన స్థలం కొని, వరసగా ఇళ్ళు కట్టే ఏర్పాటులో ఉన్న వరప్రసాదరావు గారు ఆఫీసుకు వచ్చారు. ఆ పని దొరికితే కొన్నేళ్ళపాటు ఆఫీసులో ఎవరూ ఖాళీగా కూర్చోనక్కర్లేదు. నాగశ్రీకి హైదరాబాదు మాటే ఎత్తక్కర్లేదు.

"విజయవాడలో ఒకళ్ళని చూసొచ్చానండి" అన్నారాయన. "వంటగది ఇటు జరపండి అంటే నా కళ్ళ ముందే టకటకా జరిపేశారు. మీరూ అలా చూపించండి. సోమవారం పొద్దున వస్తా. ఎవరి పని నచ్చితే వాళ్ళకే."

ఆయన వెళ్ళాక ఉమాకాంతం గారు గడ్డం గోక్కున్నారు. "సోమవారం పొద్దున నందిగామలో శ్లాబు ఉంది. కడ్డీలు చూడకుండా పొయ్యనివ్వలేను. తొందరగా వచ్చేస్తా. ఈలోగా ఆయనొస్తే మీరిద్దరూ చూపిస్తుండండి. గదులు నాగశ్రీ, మెట్లు స్టీవెన్."

"మీ అక్షరాలతోటేనా?" అన్నారు స్టీవెన్ గారు. "విజయవాడోళ్ళు ఎగిరిపోతా ఉంటే, మనం నరుకూ జరుపూ అనుకుంటా ఆడ చతికిలబడాలా?"

"వాటితోనే" అన్నారు ఉమాకాంతం గారు.

నాగశ్రీ సాయంత్రం స్టీవెన్ గారిని ఆటో దగ్గర పట్టుకుంది.

"మీకు మామూలు షార్ట్‌కట్లు గుర్తున్నాయా అండి?"

"గుర్తేంటి, క్యాడ్ నేర్చుకుందే వాటితో. మీ సారుకి ఈ పిచ్చి మధ్యలో వచ్చింది."

ఆ మాటతో ఆమె నిర్ణయం గట్టిపడింది. సోమవారం నందిగామలో మొదటి బస్సు ఎక్కేసింది. ఆఫీసు వెనకే ఉమాకాంతం గారి ఇల్లు. ప్రసూనాంబ గారు ముగ్గు గిన్నె చేత్తో పట్టుకునే తాళంచెవి ఇచ్చారు.

"ఇంత పెందలాడే వచ్చావేంటమ్మా? ఈయన ఇందాకే బండేసుకుని మీ ఊరే పోయారు."

"కాస్త సర్దుకునే పని ఉందండి."

క్యాడ్‌లో ఏ అక్షరానికి ఏ కమాండో రాసి ఉండే ఫైల్ ఒకటి ఉంటుంది. దాన్ని మార్చి సాఫ్ట్‌వేర్ మళ్ళీ తెరిస్తే సరి, కీబోర్డు కొత్త మాట వింటుంది. ఉమాకాంతం గారి ఫైల్‌ని జాగ్రత్తగా పక్కన దాచి, లోకమంతా వాడే షార్ట్‌కట్లు రెండు మిషన్లలోనూ పెట్టేసింది. పని దొరికాక ఆయన తిట్టినా పడదామనుకుంది. దొరికింతర్వాత తిట్టరని కూడా ఒక నమ్మకం.

స్టీవెన్ గారు రాగానే చెవిలో చెప్పింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"బతికించావు తల్లీ. నీ కడుపు చల్లగా. ఇన్నాళ్ళకి నా చేతులకి సంకెళ్ళు తీశావు" అంటూ కుర్చీ ముందుకు లాక్కున్నారు.

వరప్రసాదరావు గారు అన్న టైముకే వచ్చారు. నాగశ్రీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, హాలు పెద్దది చెయ్యమన్నారు, చేసింది. పూజగది తూర్పుకి తెమ్మన్నారు, తెచ్చింది. పడగ్గది తలుపు ఎదురుగా బాత్రూం కనపడకూడదన్నారు, కనపడకుండా చేసింది. ఆమె వేళ్ళు చాలాకాలానికి తమ ఊరు చేరినట్టు తిరుగుతున్నాయి. "బాగుందమ్మా" అన్నారాయన రెండుసార్లు. తర్వాత కుర్చీ స్టీవెన్ గారి వైపు జరుపుకున్నారు.

"ఈ మెట్లు దక్షిణం నుంచి ఎక్కేటట్టు మార్చి చూపించండి, చూద్దాం."

"అదెంతసేపండి" అన్నారు స్టీవెన్ గారు.

జరపడానికి మామూలు పద్ధతిలో ఎం కొట్టారు. స్క్రీన్ మీద మూడు ఎమ్ములు పడ్డాయి. అలాంటి కమాండ్ లేదంది కంప్యూటర్. కాపీ చేద్దామని సి, ఓ కొట్టారు. రెండు సిలు, మూడు ఓలు పడ్డాయి. లేదంది.

"దుమ్ము పట్టినట్టుంది" అని నవ్వి, కీబోర్డు బోర్లించి బల్లకేసి తట్టారు. మళ్ళీ కొట్టారు. ఈసారి ఐదు పడ్డాయి. మళ్ళీ లేదంది. స్క్రీన్ కింద వరసగా లేదు, లేదు, లేదు అని పేరుకుపోతోంది.

నవ్వు ఆగిపోయింది. ఆయన ఎడం చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కుడి చెయ్యి వేసి అదిమి పట్టుకున్నారు.

అప్పుడు చూసింది నాగశ్రీ. అదిమి పట్టుకున్నా ఆ వేళ్ళు ఆగలేదు. గాలి లేనప్పుడు కూడా ఆడే రావాకుల్లా సన్నగా వణుకుతూనే ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఆయన బల్ల వైపు నుంచి వచ్చే గలగల విని, ఈ వయసులో ఎంత స్పీడో అనుకునేది. అది స్పీడు కాదు. ఒక్కసారి నొక్కబోతే మూడుసార్లు పడే చప్పుడు. రెండు వేర్వేరు అక్షరాలు ఆ చేతికి ఎప్పటికీ కుదరవు. అక్షరం ఒక్కటే అయి, ఎన్నిసార్లు పడినా ఒకటే అర్థమైతే తప్ప.

"మీకు ఇది రాదాండి?" అని అడిగారు వరప్రసాదరావు గారు. వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగారు. అందుకే మరీ గుచ్చుకుంది.

స్టీవెన్ గారు నోరు తెరిచేలోపే నాగశ్రీ లేచి నిలబడింది.

"ఆయన తప్పు కాదండి, నాది. పొద్దున నేనొచ్చి ఆ మిషన్ కెలికా. దాంతో పాడైంది. కొంచెం టైమివ్వండి, బాగుచేస్తా."

గుమ్మంలో ఉమాకాంతం గారు నిలబడి ఉన్నారు. చేతిలో హెల్మెట్, చెప్పుల నిండా సిమెంటు. కెలికా అన్న మాట ఆయన చెవిన పడింది. స్క్రీన్ చూశారు, స్టీవెన్ గారి ఒడి వైపు చూశారు, నాగశ్రీ మొహం చూశారు. ఆమె కళ్ళు దించుకోలేదు. ఆయన ఏదో అర్థమైనట్టు తల ఊపి, అతిథి వైపు తిరిగారు.

"వరప్రసాదరావు గారూ, టిఫిన్ అయిందా అండి?"

"చేసే వచ్చానండి."

"అది ఇంటి టిఫిన్. జగ్గయ్యపేటది ఇంకా కాలేదుగా, రండి. స్టీవెనూ, నువ్వు కూడా లే. నా పిచ్చి గురించి ఆయనకి నేను చెప్పుకుంటే ఏం బాగుంటుంది, నువ్వు చెప్పాలి గానీ."

దించిన తల లేచింది. "చెప్పనా?" అన్నారు స్టీవెన్ గారు.

"దాచకుండా చెప్పు."

ముగ్గురూ మెట్లు దిగుతుండగానే మొదలైంది. "అసలు ఆ బోర్డు చూశారా మీరు, దాని వెనక కథ చెప్తా వినండి" అంటున్న గొంతు వీధి మలుపు దాకా వినిపించింది.

నాగశ్రీ కుర్చీలో కూర్చుని పాత ఫైల్ తెచ్చి పెట్టింది. అప్పటిదాకా పిచ్చిరాతలా కనపడ్డదాన్ని ఈసారి వేరే కళ్ళతో చూసింది. జి, జిజి, జిజిజి అంటూ ప్రతి అక్షరమూ ఒకటి నుంచి నాలుగుసార్ల దాకా వరసగా రాసి ఉంది. ఇందాక స్క్రీన్ మీద ఐదు పడటం ఆమె కళ్ళారా చూసింది. అన్ని అక్షరాలనూ ఐదు దాకా, తర్వాత ఎందుకైనా మంచిదని ఆరు దాకా పెంచింది. రెండు మిషన్లలోనూ పెట్టి, తన వేళ్ళనే గజగజా వణికించి ఒక్కో అక్షరం కొట్టి చూసుకుంది. అన్నిటికీ కంప్యూటర్ పలికింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి వరప్రసాదరావు గారు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటున్నారు. స్టీవెన్ గారు పొద్దున్నటికంటే రెండంగుళాలు ఎత్తుగా నడుస్తున్నారు.

"బాగైంది, కానీ మళ్ళీ సారు అక్షరాలే పెట్టాల్సొచ్చిందండి" అంది నాగశ్రీ.

"ఏం చేస్తాం, నా ఖర్మ" అంటూ ఆయన కూర్చున్నారు. కీబోర్డు గలగలమంది. మెట్లు కనిపించాయి. మళ్ళీ గలగలమంది. మెట్లు జరిగి, తిరిగి, దక్షిణం నుంచి ఎక్కడానికి సిద్ధమయ్యాయి. మధ్యలో మలుపు ఎంత ఉండాలో మాట్లాడుతూనే మార్చేశారు. "పెద్దవాళ్ళుంటే ఇక్కడ చెయ్యి పట్టుకోటానికి కావాలండి" అని పట్టుకునే కమ్మీ కూడా గీశారు. "ఇలాంటి దిక్కుమాలిన అక్షరాలతోనే ఇంత చేస్తున్నానా. అదే మామూలువి అయితే నా స్పీడు చూసేవాళ్ళు."

నాగశ్రీ కిటికీలోంచి బయటికి చూసింది.

"విజయవాడ కుర్రాళ్ళది స్పీడే" అన్నారు వరప్రసాదరావు గారు లేస్తూ. "కానీ ఒక్కడూ నా మొహం వైపు చూడలా. మీ దగ్గర కాసేపు కూర్చుంటే ఇంట్లో కూర్చున్నట్టుంది. గీయండి. మొదటి ఇంటి ప్లాన్ ఎప్పుడిస్తారో చెప్పండి."

సాయంత్రం స్టీవెన్ గారు ఆటో ఎక్కేదాకా ఆగి, నాగశ్రీ ఉమాకాంతం గారి బల్ల ముందు నిలబడింది.

"తిట్టండి సార్."

"తిడదామనే వచ్చి ఫైల్ తీసి చూశా. ఆరు దాకా పెట్టావు. నాకు నాలుగు దగ్గరే బుర్ర ఆగిపోయింది. ఇక ఏం మొహం పెట్టుకుని తిట్టను?"

"ముందే చెప్పుంటే నేను ముట్టుకునేదాన్నే కాదు కదండి."

ఆయన టేపు కొంచెం లాగి, వదిలి, మళ్ళీ లాగారు. "ఓ రోజు స్టీవెన్ నా దగ్గరికొచ్చి, ఇక చాల్లెండి, మానేస్తా అన్నాడు. ఎందుకయ్యా అంటే చెప్పడు. చెయ్యి జేబులోంచి తియ్యడు. వాళ్ళావిడ మా ఆవిడకి చెప్పింది. వయసుతో వచ్చే వణుకేనట, ప్రాణానికి భయం లేదన్నారట డాక్టర్లు. ఆయన మాత్రం ఎవరితోనూ అనడు. నేను ఆ మాట ఎత్తితే అదే ఆఖరు రోజయ్యేది."

"మౌస్‌తో బొమ్మల మీద నొక్కుకోవచ్చు కదండి?"

"ఆ బొమ్మలు జొన్నగింజంత. కుడి చెయ్యి కూడా నిలవాలిగా. నెమ్మదైపోయాడు. ఆ బాధతోనే మానేస్తానన్నాడు."

"ఆయన మిషన్‌కి ఒక్కదానికే మార్చుంటే? మిగతావాళ్ళు మీతో తగువులాడేవాళ్ళు కాదుగా."

"ఆయనొక్కడికే చేస్తే దాన్ని జాలి అంటారమ్మా. అందరికీ చేస్తే పిచ్చి అంటారు. స్టీవెన్ ఎంత పిచ్చినైనా భరిస్తాడు. జాలిని మాత్రం ఒక్క పూట కూడా భరించడు."

నాగశ్రీ వీధి గుమ్మం వైపు తిరిగింది. "మరి ఆ బోర్డు సంగతేంటండి?"

"పిచ్చన్నాక నాలుగు చోట్లా కనపడాలి కదా. కంప్యూటర్లో ఒక్కదాంట్లోనే ఉంటే నమ్ముతాడా?" ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. "అయితే ఒకటిలే. చేయగా చేయగా నిజంగానే పట్టుకుంది. ఇప్పుడు ఎక్కడైనా రెండక్షరాలు కనిపిస్తే చిరాకేస్తోంది."

"అమ్మగారికి తెలుసాండి ఇదంతా?"

"తెలియకపోతే అంత బాగా ఎలా తిడుతుంది? ఊళ్ళో నా పిచ్చిని ప్రచారం చేసే డ్యూటీ తనది."

వెనక గుమ్మంలోంచి ప్రసూనాంబ గారి గొంతు వినిపించింది. "డ్యూటీ కాదు, సగం నిజమే. బస్సు టైమైంది, పిల్లని పోనియ్యండి."

వరప్రసాదరావు గారి ఇళ్ళ పని మొదలైంది. నాగశ్రీ ఇప్పుడు స్టీవెన్ గారి చేతిని చూడనట్టే చూస్తోంది. కీబోర్డు బాధ తీరింది గానీ, గీత చివర పట్టుకోవడానికి మౌస్‌తో ఆయన అవస్థ పడుతున్నారని కనిపెట్టింది. ఒకరోజు పొద్దున అన్ని మిషన్లలోనూ మౌస్ గుర్తు, అడ్డం నిలువు గీతలతో, స్క్రీన్ ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకుని కనిపించింది. మూలలు పట్టే గడి అరచేతి వెడల్పున తయారైంది. గీతకు దగ్గరగా వెళ్తే చాలు, అదే వచ్చి మూలకు అతుక్కుంటోంది.

"ఇదేంటి అమ్మాయ్, స్క్రీన్ మీద కరెంటు స్తంభం పాతావు?" అన్నారు స్టీవెన్ గారు.

"చిన్న గుర్తులంటే నాకు పడదండి" అంది నాగశ్రీ, తన స్క్రీన్ మీంచి తల తిప్పకుండా. "ఈ ఆఫీసులో గుర్తులన్నీ ఇంతింత ఉండాల్సిందే. సార్‌ని కూడా ఒప్పించా."

"ఒప్పుకోక ఏం చేస్తానయ్యా" అన్నారు ఉమాకాంతం గారు. "మహా మొండి పిల్ల."

ఆ మధ్యాహ్నమే వరప్రసాదరావు గారు రెండో ఇంటి ప్లాన్ చూడటానికి వచ్చారు. స్టీవెన్ గారు ఆయనకు కుర్చీ వేసి, గొంతు తగ్గించాననుకుని వీధి చివరికి వినపడేట్టు చెప్పారు.

"చూశారుగా. మొన్నటిదాకా పిచ్చి ఒక్కరికే. ఇప్పుడు ఈ అమ్మాయికి కూడా అంటుకుంది. నిజం చెప్పాలంటే నేను ఎప్పుడో మానేద్దామనుకున్నానండి. కానీ వీళ్ళిద్దర్నీ ఇట్టా వదిలేసి ఎక్కడికి పోను?"

అని ఎడం చెయ్యి కీబోర్డు మీద వేసి, గలగలమంటూ రెండో ఇంటికి మెట్లు ఎక్కించడం మొదలుపెట్టారు.